సోమమ్మ, మూడు అమ్మీటర్లు

సోమమ్మ ఏడో తరగతితోనే బడి మానేసింది. అయినా ఆ బి.ఎడ్. కాలేజీ సైన్సు ల్యాబులో ఆమెను అడగకుండా లెక్చరర్లు కూడా బీరువా తెరిచేవారు కాదు. ఏ ప్రయోగానికి ఏమేమి కావాలో, ఏ కటకం ఏ డబ్బాలో ఉందో, ఏ స్విచ్చు వదులైందో అన్నీ ఆమె చేతికి తెలుసు. మొదట్లో ఆమె యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో రోజుకూలీకి ఊడ్చే పనిలో చేరింది. ఎనిమిదేళ్లకు అటెండరుగా ఖాయమైంది. ల్యాబుకు వేసి పద్నాలుగేళ్లయింది. ఇల్లు లాలాగూడలో. భర్త ఎంకన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే బస్సెక్కి తార్నాకలో దిగి, క్యాంపసు గేటు నుంచి కాలేజీ దాకా నడిచి, అందరికంటే ముందు ల్యాబు తాళం తీసేది.

ప్రయోగాలకు పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లుండేవి. సోమమ్మ వాటిని ట్రేలతో గుర్తుపెట్టుకుంది. రెండు బల్బులు, మూడు అమ్మీటర్లు, ఒక ఎలిమినేటర్, ఏడు వైర్లు ఉంటే అది కరెంటును పోల్చే ప్రయోగం. అమ్మీటర్ అంటే వైర్లో ఎంత కరెంటు పోతోందో ముల్లుతో చూపే మీటరు. ఎలిమినేటర్ అంటే బ్యాటరీకి బదులు వాడే డబ్బా, గోడ ప్లగ్గుకు పెడితే ఆరు వోల్టులిస్తుంది. బల్బులను ఒకదాని వెనక ఒకటి కలిపితే సిరీస్, పక్కపక్కన రెండు దారుల్లో కలిపితే పారలల్. ఈ రెండూ ఆమె కళ్లు మూసుకుని కూడా కలపగలదు. బల్బు వెలగకపోతే ఎక్కడ వైరు ఊడిందో దూరం నుంచే చెప్పేది. మూడు పదులు దాటని ఆడపిల్లలూ మగపిల్లలూ, రేపు బళ్లలో సైన్సు చెప్పబోయేవాళ్లు, "ఆంటీ, ఒక్కసారి చూడండి" అంటూ ఆమె వెంట తిరిగేవారు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండేది. పైకి మాత్రం విసుక్కున్నట్టే ఉండేది.

ఆ ఫిబ్రవరిలో ఒకరోజు లెక్చరరు సుధామయి మేడం మీటింగుకు వెళ్లారు. ల్యాబులో తేజస్వి అనే అమ్మాయి సిరీస్ ప్రయోగం చేస్తోంది. అంబర్‌పేట్ నుంచి వచ్చేది. కడపవైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంటి పిల్ల. మాట తక్కువ, రాత గుండ్రంగా ఉండేది. మొదటి బల్బుకు ముందు ఒక అమ్మీటర్, రెండు బల్బుల మధ్య ఒకటి, రెండో బల్బు తర్వాత ఒకటి పెట్టింది. ముళ్లు నిలబడ్డాక చూస్తే మొదటిది 0.20 ఆంపియర్లు చూపించింది, మధ్యది 0.18, చివరిది 0.15. ఆ పిల్ల రెండుసార్లు స్విచ్చు ఆపి మళ్లీ వేసింది. అవే అంకెలు. పుస్తకం తెరిచి చూసుకుంది, మళ్లీ మీటర్లు చూసింది. చివరికి సోమమ్మను పిలిచి, సిరీస్‌లో అన్నిచోట్లా కరెంటు ఒకటే ఉండాలి కదా, ఇదేంటి తగ్గుతూ వస్తోంది అని అడిగింది.

తెలియదు అనడం సోమమ్మకు అలవాటు లేదు. మీటర్ల వంక చూసింది, బల్బుల వంక చూసింది.

"తగ్గదా మరి? మొదటి బల్బు కొంచెం తాగుతది, మిగిలింది రెండోదానికి పోతది. అది గూడ తాగినంక చివరికి గంతే మిగులుతది" అంది.

అది చెప్పగానే సోమమ్మకే ఎంతో సబబుగా అనిపించింది. తేజస్వి కాసేపు ఆలోచించి తల ఊపింది. ముల్లు చూపించిన అంకెల్ని రికార్డులో ఉన్నదున్నట్టు రాసింది. పారలల్ ప్రయోగంలోనూ అంతే. అసలు దారిలో 0.60, రెండు కొమ్మల్లో 0.27, 0.22 వచ్చాయి. రెండూ కలిపితే మొదటిది రావడం లేదు. అది కూడా బల్బులు తాగడమేనని సోమమ్మ చెప్పింది, ఆ పిల్ల రాసుకుంది.

ఏప్రిల్ చివర్లో ప్రాక్టికల్ పరీక్షలు జరిగాయి. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చారు. జుట్టు నెరిసిన మనిషి, గొంతు పెంచకుండానే భయపెట్టేవారు. తేజస్వికి చీటీలో కటకం ప్రయోగం వచ్చింది, బాగానే చేసింది. తర్వాత ఆయన ఆమె రికార్డు తిరగేస్తూ కరెంటు ప్రయోగం దగ్గర ఆగారు. సోమమ్మ అప్పుడు వెనక బీరువాలో ప్రిజములు సర్దుతోంది.

సిరీస్‌లో కరెంటు ఎందుకు తగ్గింది అని ఆయన అడగడం వినపడింది. మొదటి బల్బు కొంత ఖర్చు చేస్తుంది సార్, మిగిలింది రెండోదానికి వెళ్తుంది అని తేజస్వి చెప్పింది. సోమమ్మ చేతిలో ప్రిజం అలాగే ఆగిపోయింది.

"ఇది మీకెవరు చెప్పారు?" అన్నారాయన.

తేజస్వి ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఈ అంకెలు ప్రయోగం చేసి తీసినవి కావని, తప్పుడు నమ్మకం ఒకటి మనసులో పెట్టుకుని దానికి తగ్గట్టు అల్లినవని అన్నారు. మిగతా వాళ్లందరికీ మూడు చోట్లా 0.20 వస్తే ఈమెకు మాత్రం ఇలా ఎలా వస్తుందని సుధామయి మేడం వైపు చూశారు.

"రేపు పదో తరగతి పిల్లలకు ఇదే చెప్తారా అమ్మా?" అని రికార్డు మూసేశారు.

రికార్డు మీద సంతకం పడలేదు. సంతకం లేకపోతే ప్రాక్టికల్ పూర్తికానట్టే, మళ్లీ వచ్చే ఏడాది రాయాలి. జూన్‌లో బౌద్ధనగర్‌లోని ఒక బడిలో చేరడానికి తేజస్వికి అప్పటికే మాట ఇచ్చారు. ఆ అమ్మాయి ఏడవలేదు. సంచి సర్దుకుని, వెళ్తూ వెళ్తూ సోమమ్మ వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా సోమమ్మకు కాస్త తేలికగా ఉండేది. కోపం లేదు. అర్థంకాని పాఠం ముందు కూర్చున్న పిల్ల చూపులా ఉంది.

ఇంటికి వెళ్లాక సోమమ్మ ఎంకన్నను అడిగింది. రైలు పెట్టెల్లో పనిచేసే మనిషి, లైట్లూ ఫ్యాన్లూ కలిపేవాళ్లతో రోజూ ఉంటాడు, ఆయనకు తెలిసే ఉంటుందనుకుంది. ఎంకన్న అన్నం కలుపుతూ, సిరీస్‌లో పెడితే డిమ్ముగా వెలుగుతాయి, పారలల్‌లో పెడితే ఫుల్లుగా వెలుగుతాయి, అందుకే ఇళ్లలో అన్నీ పారలలే అన్నాడు. ఎందుకు అలా అని అడిగింది.

"ఎందుకంటే ఏంది? అది గంతే" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట చెప్తే సరిపోయిందని, ఇప్పుడు ఎందుకొచ్చిన తిప్పలని నవ్వాడు. సోమమ్మ నవ్వలేదు. తాను కూడా ఇన్నాళ్లూ అదే ధీమాతో మాట్లాడుతూ వచ్చిందని తట్టింది.

ఆదివారం సాయంత్రం ఆమె తార్నాకలో జ్ఞానప్రకాశం గారింటికి వెళ్లింది. ఆయన అదే ల్యాబులో టెక్నీషియనుగా చేసి తొమ్మిదేళ్ల కిందట రిటైరయ్యారు. బాపట్ల దగ్గరి మనిషి. సోమమ్మకు వైర్లు కలపడం నేర్పింది ఆయనే. భార్య రత్నమ్మ గారు అప్పుడే చర్చి నుంచి వచ్చి, బైబిలు బల్ల మీద పెట్టి, ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టారు. సోమమ్మ పిల్ల సంగతి చెప్పకుండా, బల్బు కరెంటు తాగుతుందా తాగదా అన్న ప్రశ్న ఒక్కటే అడిగింది.

"తాగదమ్మా. పైపులో నీళ్లు పోతున్నాయనుకో. మధ్యలో ఒక చక్రం పెట్టావు. నీళ్లు చక్రాన్ని తిప్పుతాయి. అంతేగాని చక్రం నీళ్లు తాగెయ్యదు కదా. ఎన్ని నీళ్లు లోపలికి పోతే అన్ని బయటికి వస్తాయి."

"మరి తాగకుంటే బల్బు దేంతోని వెలుగుతది సారూ?"

"శక్తితో."

"శక్తి అంటే కరెంటు కాదా?"

"కాదు."

"మరి మనకు కరెంటు బిల్లు దేనికి వస్తది?"

బిల్లు శక్తికే వస్తుంది, జనం కరెంటు అంటారు అన్నారు జ్ఞానప్రకాశం గారు. సోమమ్మకు ఇంకా చిక్కు పడింది. ఆయన నీళ్ల పోలిక వదిలేసి తార్నాక కూడలి పోలికకు వచ్చారు. బండ్లన్నీ వరసగా ఒకే రోడ్డు మీద వెళ్తున్నాయనుకో, మొదటి సిగ్నల్ దగ్గర ఎన్ని దాటితే రెండో సిగ్నల్ దగ్గరా అన్నే దాటాలి, మధ్యలో మాయమైపోవు కదా అన్నారు. సోమమ్మ ఆలోచించి, మధ్యలో గల్లీలోకి తిరిగితే తగ్గుతాయి కదా అంది. గల్లీ లేదనుకో అన్నారు. గల్లీ ఉంటే? ఉంటే అది పారలల్ అవుతుంది అన్నారు. మరి పెట్రోలు తగ్గుతుంది కదా అంది. పెట్రోలే శక్తి అన్నారాయన, కాస్త ఉత్సాహంగా. అంతలోనే ఆగి, కాదు, పెట్రోలు సరిగ్గా కుదరదేమో అని తనలో తానే గొణుక్కున్నారు.

చివరికి సోమమ్మ అసలు మాట బయటపెట్టింది. మన ల్యాబు మీటర్లు తగ్గినట్టే చూపించాయి సారూ, ఇరవై, పద్దెనిమిది, పదిహేను, నా కళ్లతో చూశాను అంది.

ఆయన కళ్లజోడు తీశారు.

"అలా చూపించకూడదే" అన్నారు.

సోమమ్మ బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాటే చెవుల్లో తిరిగింది. సారు ముప్పై ఏళ్లు ల్యాబులో చేసిన మనిషి, ఆయన తప్పు చెప్పడు. మీటర్లు రాతి బొమ్మల్లాంటివి, వాటికి అబద్ధం ఆడవలసిన అవసరం లేదు. రెండూ నిజమెలా అవుతాయి?

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక ఆమె ఆ ట్రే కిందికి దింపింది. ఎన్ని వందలసార్లు ఎవరెవరి కోసమో కలిపిన వైర్లు. తన కోసం కలుపుకోవడం అదే మొదటిసారి. సిరీస్ కలిపింది. 0.20, 0.18, 0.15. పిల్ల రాసిన అంకెలే. అంటే పిల్ల అల్లలేదు. అంటే సారు చెప్పిందే తప్పా? బల్బు తాగుతున్నట్టేనా?

స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసింది. బల్బు తాగడం వల్ల తగ్గితే, బల్బుకు ముందు ఏ మీటరు పెట్టినా ఎక్కువే చూపించాలి. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకూ తెలియదు. చివరి మీటరు ఊడదీసి మొదటి చోట పెట్టింది. మొదటిదాన్ని చివర పెట్టింది. స్విచ్చు వేసింది.

మొదటి చోట 0.15. చివరి చోట 0.20.

సోమమ్మకు మతి పోయినట్టయింది. బల్బు ఇంకా తాగకముందే కరెంటు తగ్గిపోయిందా? రెండు బల్బులు దాటినాక పెరిగిందా? వైర్లు తప్పు పెట్టానేమోనని అన్నీ ఊడదీసి మళ్లీ కలిపింది. అంతే వచ్చింది. ఈసారి మూడు మీటర్లూ పక్కన పెట్టి, 0.20 చూపించిన ఒక్కదాన్నే తీసుకుంది. బల్బులకు ముందు పెట్టి చూసింది, తీసి మధ్యలో పెట్టి చూసింది, తీసి చివర పెట్టి చూసింది. మూడు చోట్లా ముల్లు 0.20 మీదే నిలబడింది. మూడోదాన్ని తీసుకుని అలాగే చేసింది. మూడు చోట్లా 0.15.

అప్పుడు తెలిసింది. తగ్గింది కరెంటు కాదు, మీటరు. కరెంటు లేనప్పుడు మూడు ముళ్లూ సున్నా మీదే నిలబడి ఉంటాయి గనుక ఎవరికీ అనుమానం రాలేదు. పాతబడి, ఒకటి కొంచెం, ఇంకొకటి బాగా తక్కువ చూపిస్తున్నాయి.

కానీ ఆ వెంటనే ఇంకొక చిక్కు వచ్చి పడింది. అదే ట్రేతో ఆ ఏడాది ఇంకో పదిమంది చేశారు. వాళ్లందరికీ 0.20 ఎలా వచ్చింది? బల్ల మీద కట్ట కట్టి ఉన్న రికార్డులు ఒక్కొక్కటే తెరిచి ఆ పేజీ చూసింది. అన్నింట్లో మూడు అంకెలూ ఒకటే. వాళ్లెవరూ ముల్లు చూసి రాయలేదు. పుస్తకం చూసి రాశారు. ముల్లు చూసి రాసింది ఒక్క తేజస్వే.

సుధామయి మేడం టిఫిను డబ్బాతో తిరిగి వచ్చేసరికి సోమమ్మ ఇంకా ఆ రికార్డుల మధ్యే నిలబడి ఉంది. మేడం ముందు నమ్మలేదు. పిల్ల మీద జాలితో ఏదో చెప్తోందనుకున్నారు. సోమమ్మ మాటలతో పెట్టుకోలేదు, మీటర్లు మార్చి మార్చి చూపించింది. మేడం కుర్చీలోంచి లేచి తానే వైర్లు పట్టుకుని రెండుసార్లు చేశారు. తర్వాత రికార్డులు తిరగేశారు.

"బల్బు తాగుతదని ఆ పిల్లకు చెప్పింది నేనే మేడం. నాకు తెల్వదని చెప్పలేదు. నా పేరు బయట పెట్టలే ఆ పిల్ల" అంది సోమమ్మ.

మేడం ఆమె వైపు చూశారు. తిడతారనుకుంది. "ఆ రోజు ల్యాబులో ఉండవలసింది నేను" అన్నారు మేడం, రికార్డుల కట్ట మళ్లీ కడుతూ.

ఎగ్జామినరుకు మేడమే ఫోను చేశారు. మార్కులు పంపడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆయన వస్తానన్నారు. తేజస్వికి కబురు పంపితే ఆ పిల్ల గంట ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. సోమమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

"నేను చెప్పింది తప్పు బిడ్డా. నువ్వు రాసింది తప్పు కాదు" అంది చివరికి.

తేజస్వి తలెత్తి, "మీరు చెప్పిందీ ముల్లు చూపించిందీ, రెండూ ఒకటే అనుకున్నా ఆంటీ" అంది. ఆ మాటకు అర్థం ఏమిటో సోమమ్మకు పూర్తిగా తెలియలేదు గానీ, పిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు.

ఎగ్జామినరు వచ్చి ముందు పాత మీటర్లతో చేయించారు, తర్వాత మేడం పక్క డిపార్టుమెంటు నుంచి తెచ్చిన కొత్త మీటరుతో చేయించారు. ఒక్క మీటరునే చోటు మార్చి చూస్తే సిరీస్‌లో అన్నిచోట్లా 0.20. పారలల్‌లో ఒక్కో కొమ్మలో 0.30, అసలు దారిలో 0.60. కొమ్మల లెక్క కలిసింది. ఆయన రికార్డు తెరిచి పాత అంకెల పక్కన కొత్తవి రాయించి సంతకం పెట్టారు. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు తప్పు పట్టాను, మనసులో పెట్టుకోకండి అని మెల్లగా అన్నారు. మిగతా రికార్డుల మాట వచ్చేసరికి ఆయనా మేడమూ తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. ఆ పదిమందినీ పిలిచి మళ్లీ చేయించారని సోమమ్మకు తర్వాత తెలిసింది.

వెళ్లేముందు ఆయన తేజస్విని ఇంకొక ప్రశ్న అడిగారు. అదే ఎలిమినేటర్, అవే రెండు బల్బులు. సిరీస్‌లో 0.20 తీసుకున్నది పారలల్‌లో 0.60 ఎందుకు తీసుకుంది? రెండు దారులు ఉంటే మొత్తం నిరోధం తగ్గుతుంది సార్, అందుకని ఎక్కువ కరెంటు వస్తుంది అని తేజస్వి చెప్పింది. ఆయన తల ఊపారు. మేడం తల ఊపారు. బీరువా పక్కన నిలబడ్డ సోమమ్మకు మాత్రం తల తిరిగింది.

సాయంత్రం ఆమె తేజస్వితో కలిసి తార్నాక బస్టాపు దాకా నడిచింది. దారిపొడవునా అదే అడిగింది. డబ్బా ఒకటే, బల్బులవే. దారి ఇంకొకటి ఉందని, ఎక్కువ పంపాలని ఆ డబ్బాకు ముందే ఎట్లా తెలుస్తుంది? తేజస్వి ఆగి, నోటు పుస్తకం వెనక పేజీలో బొమ్మ గీసి చూపించింది. డబ్బా ఇంత పంపాలని అనుకోదు ఆంటీ, అది తోస్తుంది అంతే, దారి సులువుగా ఉంటే ఎక్కువ పోతుంది అంది. సోమమ్మ సరేనంది. పది అడుగులు వేశాక, దారి సులువుగా ఉందో లేదో మొదటే బయలుదేరిన కరెంటుకు ఎట్లా తెలుస్తుంది అంది. తేజస్వి మళ్లీ ఆగింది. బొమ్మ వంక చూసుకుంది. పెన్సిలు పెట్టి ఒక బాణం గీసింది, కొట్టేసింది.

"నిజం చెప్పాలంటే అది నాకూ సరిగ్గా తెలీదు ఆంటీ. సూత్రం తెలుసు" అంది.

లాలాగూడ వెళ్లే బస్సు వచ్చింది. సోమమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కింద తేజస్వి ఇంకా ఆ పేజీ వంకే చూస్తూ నిలబడి ఉంది. అంబర్‌పేట్ బస్సు వెనకే వచ్చి ఆగిందని సోమమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపి చూపించవలసి వచ్చింది.